పాత టేపులను ముట్టని ఎల్‌టీఓ-10: ఈ రంగంలో ఉన్నవారు ఏమంటారు?

చిత్రనిల్వ | 17 నవంబర్ 2025, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక పోస్ట్ ప్రొడక్షన్ సంస్థలో డేటా నిల్వ వ్యవహారాలు చూస్తాను. షూటింగ్ నుంచి వచ్చే కెమెరా ఫుటేజీ అంతా రెండేసి ప్రతులుగా టేపులకు ఎక్కించి దాచడం మా పని. ఫిల్ముపై తీసిన కాలంలో నెగెటివ్ భద్రంగా ఉంటే సినిమా భద్రంగా ఉన్నట్టే. ఇప్పుడు ఆ నెగెటివ్ స్థానంలో ఉన్నది మా బీరువాలోని టేపులే. వాటికేమైనా అయితే నిర్మాత చేతిలో విడుదలైన ప్రింటు తప్ప మరేమీ మిగలదు.

మేము వాడే టేపు ప్రమాణం ఎల్‌టీఓ (లీనియర్ టేప్-ఓపెన్)లో ఈ ఏడాది పదో తరం వచ్చింది. ఒక్క క్యార్ట్రిడ్జ్‌లో 30 టెరాబైట్లు. ఈ నెలలోనే 40 టెరాబైట్ల క్యార్ట్రిడ్జ్ కూడా ప్రకటించారు, అదే డ్రైవులో పనిచేస్తుందట, వచ్చే ఏడాది మొదట్లో అమ్మకానికి వస్తుందంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ పదో తరం డ్రైవు పదో తరం టేపును తప్ప వేరేదాన్ని చదవదు. తొమ్మిదో తరం టేపును కూడా చదవదు. మా దగ్గర 6, 7, 8 తరాల టేపులు వరసలు వరసలుగా ఉన్నాయి.

ఏ ఒక్క కంపెనీకో కట్టుబడి ఉండక్కర్లేని ఉమ్మడి ప్రమాణం అన్న నమ్మకంతోనే మేము దీన్ని ఎంచుకున్నాం. ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నవారు ఈ మార్పును ఎలా చూస్తున్నారు? మాలాంటివాళ్లు ఏం చేయాలి?

రాతిగట్టు | 17 నవంబర్ 2025, రాత్రి 9:40

చిత్రనిల్వ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ఎల్‌టీఓ పుట్టకముందు నుంచీ నేను డేటా సెంటర్లలో ఉన్నాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

తొంభైల నడుమ మధ్యతరహా సర్వర్ల బ్యాకప్ అంటే డీఎల్‌టీ అనే టేపే. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తయారుచేసిన ఆ సాంకేతికతను 1994లో క్వాంటమ్ కంపెనీ కొనుక్కుంది. టేపు మంచిదే, నేను దాన్ని ఎన్నడూ తప్పుపట్టను. చిక్కంతా ధర దగ్గర వచ్చేది. డ్రైవు కావాలన్నా, తర్వాతి తరం కావాలన్నా ఆ ఒక్క గుమ్మం దగ్గరే నిలబడాలి. అటు ఎక్సాబైట్ కంపెనీది ఒక 8 మిల్లీమీటర్ల టేపు, సోనీది ఏఐటీ, చిన్న సర్వర్లకు డీడీఎస్. ఒకదాని టేపు మరొకదానిలో దూరనైనా దూరదు.

అలాంటి సమయంలో హెచ్‌పీ, ఐబీఎం, సీగేట్ కలిసి ఒక ప్రమాణం రాస్తున్నామని ప్రకటించాయి. బజారులో ఒకదానితో ఒకటి తలపడే కంపెనీలు అవి. లైసెన్సు తీసుకున్నవారెవరైనా డ్రైవులు, టేపులు తయారు చేసుకోవచ్చు. ఒకరి డ్రైవులో రాసిన టేపును మరొకరి డ్రైవు చదివి తీరాలి, అలా చదువుతోందని బయటివారి పరీక్షలో నెగ్గితేనే ఆ ముద్ర వేసుకోవాలి. మాలాంటి కొనుగోలుదారులకు ప్రాణం లేచివచ్చింది. అనుమానపడ్డవారూ లేకపోలేదు. ముగ్గురు ముందుండి నడిపే ప్రమాణం నాలుగు రోజులు నిలుస్తుందా అన్నారు. పైగా ఒకటి కాదు, రెండు రూపాలు ప్రకటించారు. త్వరగా వెతికి తీయడానికి రెండు చక్రాల ఆక్సెలిస్, ఎక్కువ నిల్వకు ఒకే చక్రమున్న అల్ట్రియం. ఆక్సెలిస్ బజారులో నిలదొక్కుకోలేదు. మనం ఇవాళ ఎల్‌టీఓ అంటున్నదంతా అల్ట్రియమే.

మొదటి తరం 2000లో వచ్చింది, 100 గిగాబైట్లు. మరుసటి ఏడాది క్వాంటమ్ 110 గిగాబైట్ల సూపర్ డీఎల్‌టీతో బదులిచ్చింది. సాంకేతికంగా రెండూ ఉజ్జీలే. గెలుపోటములు తేల్చింది అమ్మేవారి సంఖ్య. ఎల్‌టీఓకు ముగ్గురు నలుగురి దగ్గర ధర అడిగే వీలుండేది. సీగేట్ టేపు విభాగం సెర్టాన్స్ పేరుతో విడిపోయాక 2004లో దాన్ని కొనడానికి ముందుకొచ్చింది సాక్షాత్తూ క్వాంటమే. అలా తన పోటీదారు కూటమిలో తానే సభ్యురాలైంది. ఇప్పుడు ఆ కూటమిలో ఉన్నవి హెచ్‌పీఈ, ఐబీఎం, క్వాంటమ్.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆనాడు ఈ ప్రమాణాన్ని గెలిపించింది రెండు మాటలు. ఒకటి, అమ్మేవారు పలువురు. రెండు, డ్రైవు రెండు తరాల వెనకటి టేపును చదువుతుంది, ఒక తరం వెనకటి టేపు మీద రాస్తుంది. ఇవాళ ఆ రెండు మాటలూ నిలబడలేదు. నా బాధ అది.

కృష్ణాతరంగం | 18 నవంబర్ 2025, ఉదయం 6:05

రాతిగట్టు గారు చెప్పిన చరిత్ర అక్షరాలా నిజం. నేను అమెరికాలో ఉంటాను, నిల్వ పరికరాల రంగంలోనే పని. అయితే పాత టేపులు చదవకపోవడం వెనుక వ్యాపారం మాత్రమే ఉందనుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఇంజినీరింగ్ వైపు నుంచి కూడా చూడాలి.

అల్ట్రియం టేపు వెడల్పు 12.65 మిల్లీమీటర్లు, మొదటి తరం నుంచి మారలేదు. మొదటి తరంలో దాని మీద 384 ట్రాకులు, అంటే డేటా రాసే సన్నని గీతలు. తొమ్మిదో తరంలో 8,960. అంటే ఒక్కో ట్రాకుకు దక్కేది మైక్రాన్‌న్నర కంటే తక్కువ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). టేపు అంటే ప్లాస్టిక్ పొర. వేడికి, తేమకు సాగుతుంది, కుంచించుకుపోతుంది. ముప్పై మైక్రాన్ల ట్రాకు ఉన్నప్పుడు ఆ సాగుడు లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు వెడల్పులో కొద్ది తేడా వచ్చినా హెడ్ (టేపును చదివే, రాసే భాగం) పక్క ట్రాకు మీదకు పోతుంది. అందుకే తొమ్మిదో తరంలో కొత్త క్యార్ట్రిడ్జ్‌ను మొదటిసారి డ్రైవులో పెట్టగానే ఆ టేపు తీరును కొలిచి సర్దుకునే ప్రక్రియ ఒకటి పెట్టారు. దానికి రెండు గంటల దాకా పట్టవచ్చు. వందల టేపులు ఒకేసారి టేపు లైబ్రరీలోకి (టేపులను తానే మార్చే యంత్రంలోకి) ఎక్కించేవారు దీని మీద గట్టిగానే గొడవ చేశారు. పదో తరంలో ఆ ప్రక్రియ తీసేశారు. హెడ్ మార్చారు కాబట్టే అది సాధ్యపడింది, హెడ్ మార్చారు కాబట్టే పాత టేపులూ దూరమయ్యాయి.

ఇది మొదటిసారి కూడా కాదు. 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడే రెండు తరాల వెనక్కి చదివే నియమం పోయింది. హెడ్‌లో చదివే సెన్సర్ రకం మారింది, ఆరో తరం టేపులను అది చదవలేదు. గోడకు మొదటి పగులు అప్పుడే వచ్చింది.

మబ్బుదారి | 18 నవంబర్ 2025, ఉదయం 10:31

ఇన్ని చిక్కులు పడి టేపును పట్టుకుని వేలాడటం అవసరమా అని అడగాలనిపిస్తోంది. క్లౌడ్‌లో ఆర్కైవు నిల్వ ఉంది. తరాలు మారినా, డ్రైవులు మారినా ఆ బరువు వాళ్లు మోస్తారు. చిత్రనిల్వ గారి సంస్థ చేయవలసింది సినిమా పని, టేపుల పోషణ కాదు కదా. ఇది నిజంగానే అడుగుతున్నాను.

చిత్రనిల్వ | 18 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:20

మబ్బుదారి గారూ, ఈ ప్రశ్న మా యాజమాన్యం కూడా అడిగింది. లెక్క వేసి చూపించాను. సెకనుకు ఒక గిగాబిట్ లైను మొత్తం మాకే దక్కిందనుకున్నా సెకనుకు 125 మెగాబైట్లకు మించి వెళ్లదు. ఒక సినిమా ఫుటేజీ 100 టెరాబైట్లు అనుకుంటే తొమ్మిది రోజులకు పైగా ఆ లైను మరే పనికీ పనికిరాదు. ఆ తొమ్మిది రోజుల్లో మరో రెండు యూనిట్ల నుంచి ఫుటేజీ వచ్చిపడుతుంది.

పైకి పంపడం ఒక ఎత్తు, వెనక్కి తెచ్చుకోవడం ఒక ఎత్తు. బాగా చౌకైన ఆర్కైవు తరగతుల్లో ఫైలు అడిగిన తర్వాత అది సిద్ధం కావడానికే 12 గంటలు, తక్కువ రుసుముతో అడిగితే 48 గంటల దాకా పడుతుంది. ఆపై బయటికి తీసుకున్న ప్రతి గిగాబైట్‌కూ రుసుము. పదేళ్ల తర్వాత ఎవరైనా నిర్మాత సినిమాను మళ్లీ 4కేలో విడుదల చేద్దామని వస్తే మొత్తం ఒకేసారి కావాలంటారు. ఆ బిల్లు ఎవరు కట్టాలి?

రాతిగట్టు | 18 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:02

మబ్బుదారి గారికి ఇంకొక మాట. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వాడుకదారుల ఉత్తరాలు మాయమయ్యాయి. అన్ని డేటా సెంటర్లలోని ప్రతుల మీదా ఆ లోపం ప్రభావం పడింది. గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. లైనులో లేనిదాన్ని లైనులో వచ్చిన తప్పు తాకలేదు. ఈ రోజుల్లో డేటాను బందీ చేసి డబ్బు గుంజే దాడులకూ ఇదే వర్తిస్తుంది. బీరువాలో ఉన్న క్యార్ట్రిడ్జ్‌ను నెట్‌వర్కులోంచి ఎవరూ చెరపలేరు.

మబ్బుదారి | 18 నవంబర్ 2025, సాయంత్రం 4:15

లైను లెక్క కళ్లు తెరిపించింది. రాతిగట్టు గారు చెప్పిన ఉదాహరణా బలమైనదే. అయినా చిన్న ఫైళ్లకు, ఆఫీసు పత్రాలకు నా సలహా క్లౌడే. ఫుటేజీ విషయంలో మీ వాదన ఒప్పుకుంటున్నాను.

సాగరతీరం | 18 నవంబర్ 2025, రాత్రి 7:48

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. కృష్ణాతరంగం గారు టేపు సాగడం గురించి చెప్పినది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఎక్కువకాలం దాచే టేపులను 16 నుంచి 25 డిగ్రీల మధ్య, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచాలని తయారీదారులు చెబుతారు. సముద్రం పక్కన మాకు బయట తేమ 80 శాతం దాటే రోజులు ఎన్నో. కరెంటు పోయి ఏసీ ఆగితే గది పరిస్థితి మారడానికి ఎంతో సేపు పట్టదు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేని అనుభవం ఈ ఊరికి ఉంది.

మా సంస్థలో టేపుల రెండో ప్రతి వేరే భవనంలో ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చిన టేపును ఆ రోజే డ్రైవులో పెట్టనివ్వను. డబ్బాలోనే ఉంచి ఒక రోజంతా డ్రైవు ఉన్న గదిలో సర్దుకోనిస్తాం. ముప్పై ఏళ్లు ఉంటుందని అట్ట మీద రాసిన మాట ఆ గది ఆ స్థితిలో ఉన్నప్పుడే నిజం. కోస్తాలో టేపులు దాచేవారు తేమ కొలిచే మీటరు బీరువా లోపల పెట్టండి, గదిలో గోడకు తగిలిస్తే చాలదు.

లినక్స్‌లోగిలి | 18 నవంబర్ 2025, రాత్రి 10:26

చర్చ అంతా డ్రైవు చుట్టూ తిరుగుతోంది. నా అనుభవంలో టేపులు చదవలేకపోవడానికి డ్రైవు లేకపోవడం కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది: రాసిన సాఫ్ట్‌వేర్ లేకపోవడం.

ఒక సంస్థలో చూశాను. టేపులు చెక్కుచెదరలేదు, డ్రైవు బాగుంది. కానీ వాటిని రాసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎన్నడో ముగిసింది, ఏ టేపులో ఏముందో చెప్పే జాబితా ఉన్న సర్వర్‌ను తుక్కుకు అమ్మేశారు. టేపు మీద ఉన్నది ఆ సాఫ్ట్‌వేర్‌కే అర్థమయ్యే అమరిక. పాత వెర్షన్ సంపాదించి, ఒక్కో టేపును మొదటి నుంచి చివరిదాకా చదివించి జాబితా మళ్లీ కట్టుకోవలసి వచ్చింది.

2010లో అయిదో తరంతో పాటు వచ్చిన ఎల్‌టీఎఫ్ఎస్ అనే ఫైళ్ల అమరిక పద్ధతి ఈ జబ్బుకు మందు. ఐబీఎం తయారుచేసి సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చింది. ఫార్మాట్ వివరణ 2016లో ఐఎస్ఓ ప్రమాణమైంది, 20919 సంఖ్యతో. టేపును రెండు భాగాలు చేస్తారు. చిన్న భాగంలో విషయసూచిక, పెద్ద భాగంలో ఫైళ్లు. ఆ సూచిక మామూలు ఎక్స్‌ఎంఎల్ పాఠం. ఫైలు పేరు, తేదీ, ఏ బ్లాకు దగ్గర మొదలవుతుంది, ఎన్ని బైట్లు అన్నీ అందులో ఉంటాయి. తెరిచి చూస్తే మనిషికి అర్థమవుతుంది. టేపు పెడితే కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లా కనబడుతుంది. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనూ పని లేదు.

దాని పరిమితులూ చెప్పాలి. ఫైలు చెరిపితే జాగా తిరిగి రాదు, సూచికలో పేరు మాత్రమే పోతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు వేస్తే నత్తనడక నడుస్తుంది, వాటిని ముందుగా ఒకే మూటగా కట్టి వేయాలి. నేరుగా టేపు మీద ఫైలు తెరిచి ఎడిటింగ్ చేద్దామనుకుంటే డ్రైవు ముందుకీ వెనక్కీ పరుగులు పెడుతూనే ఉంటుంది.

చిత్రనిల్వ గారూ, మీ టేపులు ఎల్‌టీఎఫ్ఎస్‌లో ఉన్నాయా, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అమరికలో ఉన్నాయా? ఇంకొక ప్రశ్న, ఇది ముఖ్యం. ఎనిమిదో తరం టేపులన్నారు కదా, వాటి బార్‌కోడ్ చివరి రెండు అక్షరాలు ఎల్8 అని ఉన్నాయా, ఎం8 అని ఉన్నాయా?

చిత్రనిల్వ | 19 నవంబర్ 2025, ఉదయం 11:55

లినక్స్‌లోగిలి గారూ, అన్నీ ఎల్‌టీఎఫ్ఎస్‌లోనే ఉన్నాయి. బార్‌కోడ్‌ల కోసం బీరువాలు తీసి వరస వరసా చూశాను. 2019 నాటి ప్రాజెక్టుల టేపులు చాలావరకు ఎం8 అని ఉన్నాయి. ఎల్8 ఉన్నవి ఆ తర్వాతివి. తేడా ఏమిటి?

లినక్స్‌లోగిలి | 19 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:40

అదే భయపడ్డాను. ఎల్8 అంటే మామూలు ఎనిమిదో తరం టేపు. ఎం8 అంటే కొత్త ఏడో తరం టేపును ఎనిమిదో తరం డ్రైవులో ఎక్కువ సాంద్రతతో ఫార్మాట్ చేసినది. మామూలుగా 6 టెరాబైట్లు పట్టే టేపులో 9 పడతాయి. కానీ ఒకసారి అలా చేశాక దాన్ని ఏడో తరం డ్రైవు చదవదు, తొమ్మిదో తరం డ్రైవూ చదవదు. ఈ ప్రపంచంలో వాటిని చదివేది ఎనిమిదో తరం డ్రైవు ఒక్కటే. మీ దగ్గర ముందుగా ప్రతి తీయవలసినవి ఆరో తరంవి కావు, ఇవి.

రాతిగట్టు | 19 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:18

2019 అనగానే అర్థమైంది. ఆ ఏడాది ఎనిమిదో తరం డ్రైవులు బజారులో ఉన్నాయి, వాటికి టేపులు లేవు. టేపు తయారుచేసేవి ప్రపంచం మొత్తానికి ఫ్యూజిఫిల్మ్, సోనీ రెండే. ఆ రెండూ పేటెంట్ల మీద అమెరికాలో ఒకరిపై ఒకరు కేసులు వేసుకున్నాయి. 2019 ఆగస్టులో రాజీ పడేదాకా కొనేవారు డబ్బు చేతిలో పట్టుకుని ఎదురుచూశారు. ఎం8 టేపులు చాలామంది దగ్గర పోగుపడింది ఆ కరువులోనే.

నా మొదటి టపాలో చెప్పిన బాధకు ఇది రుజువు. ఎనిమిదో తరం నుంచి డ్రైవు తయారీ ఐబీఎం చేతిలోనే ఉంది. పెట్టె మీద ఎవరి పేరు ఉన్నా లోపలి యంత్రం అదే. టేపు చేసేవారు ఇద్దరు. ఆ ఇద్దరికీ పడకపోతే ఏమవుతుందో చూశాం.

ఇక ఫార్మాట్ సంగతి. మొదటి తరం అల్ట్రియం ఫార్మాట్‌ను 2001లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ 319వ ప్రమాణంగా ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా దించుకుని చదవవచ్చు. క్యార్ట్రిడ్జ్ కొలతల నుంచి ట్రాకుల అమరిక, తప్పులు దిద్దే కోడ్ దాకా అన్నీ ఉంటాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు ఒకసారి చూడదగ్గ పత్రం. ఆ తర్వాతి తరాల వివరణ కావాలంటే లైసెన్సు కొనాలి. నేను అడిగేది ఒక్కటే. ఏ తరం డ్రైవుల తయారీ ఆపేశారో, ఆ తరం ఫార్మాట్ వివరణ మొత్తం మొదటి తరంలాగే ప్రచురించాలి. దాన్ని చదివే డ్రైవు అమ్మరు, ఎలా చదవాలో చెప్పరు, ఇదేం న్యాయం? జాతి జ్ఞాపకాలు ఆ టేపుల మీద ఉన్నాయి. సినిమాలు, ఉపగ్రహ చిత్రాలు, ఆసుపత్రి రికార్డులు, న్యాయస్థానాల పత్రాలు.

కృష్ణాతరంగం | 20 నవంబర్ 2025, ఉదయం 5:50

రాతిగట్టు గారి కోరికను నేను గౌరవిస్తాను. కానీ వివరణ చేతికొచ్చినంత మాత్రాన టేపు చదవగలమా? ఆ హెడ్ తయారుచేయడానికి చిప్పుల కర్మాగారం లాంటిది కావాలి. టేపును మైక్రాన్ కూడా పక్కకు పోకుండా సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో నడిపే యంత్రం కావాలి. కాగితం మీద ప్రమాణం ఉండి చేతిలో హెడ్ లేకపోతే ప్రయోజనం తక్కువ. తయారీదారు ఒక్కరే మిగలడానికి కారణం కూడా అదే. కొత్త తరానికి అయ్యే పరిశోధన ఖర్చు పెరుగుతూ పోయింది, డ్రైవులు కొనేవారి సంఖ్య తగ్గుతూ వచ్చింది. పెద్ద క్లౌడ్ కంపెనీలే ఇవాళ అతి పెద్ద కొనుగోలుదారులు. 2024లో అమ్ముడైన ఎల్‌టీఓ టేపుల మొత్తం సామర్థ్యం 176.5 ఎక్సాబైట్లని (ఒక్కోటి పది లక్షల టెరాబైట్లు) కూటమి ప్రకటించింది. అది 2.5 రెట్ల కుదింపు లెక్కతో చెప్పిన అంకె, అసలు 70 చిల్లర. అయినా పెద్దదే. ఆ కొనేవారికి పాత తరాలతో పని లేదు, వాళ్ల రోబోలు రాత్రింబవళ్లు పాత టేపుల నుంచి కొత్త టేపులకు మారుస్తూనే ఉంటాయి. ప్రమాణం వాళ్ల అవసరం వైపు ఒరిగింది.

రాతిగట్టు | 20 నవంబర్ 2025, ఉదయం 9:14

హెడ్ చేయడం కష్టమని ఒప్పుకుంటాను. కానీ పాత డ్రైవులు ప్రపంచంలో లక్షల్లో ఉన్నాయి. హెడ్ బాగుండి ఎలక్ట్రానిక్స్ పోయిన డ్రైవును బాగుచేయాలన్నా, టేపు ఒకచోట దెబ్బతింటే మిగిలిన డేటాను ముడి సంకేతం నుంచి రాబట్టాలన్నా ఆ వివరణ కావాలి. విశ్వవిద్యాలయాల్లో, జాతీయ ఆర్కైవుల్లో ఈ పని చేయగల వాళ్లున్నారు. వాళ్ల చేతులు కట్టేయడం దేనికి? ఎల్‌టీఎఫ్ఎస్ విషయంలో ఐబీఎం చేసిన మంచి పనినే కిందిపొరకూ చేయమంటున్నాను. వ్యాపారానికి నష్టం లేదు, అమ్మకం ఆపేసిన సరుకే కదా.

కృష్ణాతరంగం | 20 నవంబర్ 2025, ఉదయం 9:52

ఈ కోణంలో నేను ఆలోచించలేదు. దెబ్బతిన్న టేపు నుంచి రాబట్టే పనికి వివరణ అవసరమే. కూటమికి ఈ కోరిక పంపాలంటే ఆర్కైవు సంస్థల తరఫున వెళ్తే బరువుంటుంది. విడివిడి వ్యక్తులుగా రాస్తే ఫలితం ఉండదు.

చిత్రనిల్వ | 20 నవంబర్ 2025, సాయంత్రం 6:30

మీ అందరి మాటలూ యాజమాన్యం ముందు పెట్టాను. ఎనిమిదో తరం డ్రైవు మరొకటి ఇప్పుడే కొంటున్నాం. ముందు ఎం8 టేపులు, తర్వాత ఆరో తరం, ఆపై ఏడు. ఈ వరసలో తొమ్మిదో తరానికి మార్చాలని నిర్ణయం. పదో తరానికి ఇప్పుడే వెళ్లడం లేదు. తొమ్మిదో తరం డ్రైవు ఎల్8 టేపులను చదువుతుంది, రాస్తుంది కూడా. కాబట్టి ఆ టేపులు కొన్నాళ్లు ఆగగలవు.

ఇంకొక లెక్క కూడా మమ్మల్ని ఆపింది. మొదటి తరంలో సెకనుకు 20 మెగాబైట్ల వేగంతో 100 గిగాబైట్ల టేపు గంటన్నరలోపే నిండేది. తొమ్మిదో తరంలో పెద్ద పరిమాణపు (పూర్తి ఎత్తు) డ్రైవు సెకనుకు 400 మెగాబైట్లు రాసినా 18 టెరాబైట్లు నిండడానికి పన్నెండున్నర గంటలు. పదో తరంలో వేగం అదే 400, నిండాల్సింది 30 టెరాబైట్లు: దాదాపు 21 గంటలు. 40 అయితే 27 గంటలు దాటుతుంది. రాసిన తర్వాత మళ్లీ చదివి సరిచూసుకోవాలి కదా, అంటే రెట్టింపు. ఒక యూనిట్ ఫుటేజీ రెండు ప్రతులు చేసి, సరిచూసి, కార్డులు ఖాళీ చేసి షూటింగ్‌కు తిరిగి పంపాలంటే మాకు ఇది కుదరదు. పెట్టె మీద 75 టెరాబైట్లని రాసే కుదింపు అంకె మాకు అక్కరకు రాదు. కెమెరా ఫుటేజీ ముందే కుదించి ఉంటుంది, దాన్ని ఇంకా కుదించలేం.

సాగరతీరం | 20 నవంబర్ 2025, రాత్రి 8:03

మంచి నిర్ణయం. 2020లో తొమ్మిదో తరాన్ని అనుకున్న 24 నుంచి 18 టెరాబైట్లకు తగ్గించినప్పుడు అందరూ నిరుత్సాహపడ్డారు. ఇప్పుడు చూస్తే చిన్న సంస్థలకు అదే సరిపోయే కొలత అనిపిస్తోంది.

అక్షరనిధి | 21 నవంబర్ 2025, ఉదయం 10:10

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మాది చిన్న గ్రంథాలయం. తాళపత్రాలు, పాత తెలుగు పత్రికల సంచికలు స్కాన్ చేస్తున్నాం. ఇప్పటికి 20 టెరాబైట్లకు పైగా వచ్చింది. ప్రస్తుతం హార్డ్ డిస్కుల్లో ఉంది, ఈ మధ్యే ఒక డిస్కు పోయింది, రెండో ప్రతి ఉండబట్టి బతికిపోయాం. కొత్త టేపు డ్రైవు ధర వింటేనే మా కమిటీ వెనకడుగు వేస్తోంది. వాడిన డ్రైవు కొనవచ్చా? ఏ తరం మంచిది?

లినక్స్‌లోగిలి | 21 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:25

అక్షరనిధి గారూ, మీ పనికి నా నమస్కారం. కొనవచ్చు. నా సలహా ఏడో తరం డ్రైవు. అది 5, 6, 7 మూడు తరాల టేపులనూ చదువుతుంది. రెండు తరాల వెనక్కి చూడగలిగిన చివరి డ్రైవు అదే. ఒక్కో టేపులో 6 టెరాబైట్లు, మీ మొత్తం నాలుగైదు టేపుల్లో సరిపోతుంది. రెండు ప్రతులకు పదింటిలోపే. డ్రైవుతో పాటు కంప్యూటర్‌కు డ్రైవును కలిపే ఎస్ఏఎస్ కార్డు ఒకటి, దానికి తగిన కేబుల్, ఒక క్లీనింగ్ క్యార్ట్రిడ్జ్ కావాలి. డ్రైవు వాడినదైనా టేపులు మాత్రం కొత్తవే కొనండి.

డబ్బు ఇచ్చే ముందు అమ్మేవారి దగ్గరే ఒక పరీక్ష చేయించండి. డ్రైవు తాను ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని టేపులు ఎక్కించిందో, ఎన్ని తప్పులు దిద్దుకుందో లోపల రాసుకుంటుంది. ఆ నివేదిక చూపించమనండి. చూపించకపోతే కొనకండి. తర్వాత కొత్త టేపు ఒకటి పెట్టి మొత్తం నిండేదాకా రాయించి, మొత్తం తిరిగి చదివించండి. సగం రాసి ఆపితే చివర్లో ఉండే తప్పులు బయటపడవు.

మీ స్కాన్లు లక్షల్లో చిన్న ఫైళ్లు అయి ఉంటాయి. ఒక్కో పుస్తకాన్ని ఒక్కో మూటగా కట్టి, దాని చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య) పక్కనే వేరే ఫైలులో రాసి, అప్పుడు టేపుకు ఎక్కించండి. ఏ టేపులో ఏ పుస్తకం ఉందో ఆ జాబితా కాగితం మీద కూడా అచ్చు వేసి టేపు డబ్బాతో పాటు పెట్టండి.

రాతిగట్టు | 21 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:37

అక్షరనిధి గారూ, రెండో ప్రతి ఎక్కడ దాస్తారు? ఊళ్లోనే మరో భవనమైతే వరదకూ తుపానుకూ రెండూ ఒకేసారి చిక్కవచ్చు. హైదరాబాద్‌లో మా ఆఫీసులో తేమ అదుపులో ఉండే గది ఉంది. అనుమతి నేను తీసుకుంటాను. మీ రెండో ప్రతి టేపులు అక్కడ ఉంచుదాం, ఏడాదికోసారి చదివి చెక్‌సమ్ సరిచూసి మీకు నివేదిక పంపుతాను. వివరాలు నాకు విడిగా సందేశం పెట్టండి.

అక్షరనిధి | 21 నవంబర్ 2025, సాయంత్రం 5:02

రాతిగట్టు గారూ, ఇంతకంటే ఏం కావాలి. ఆదివారం కమిటీ సమావేశం ఉంది, అందులో పెడతాను. డ్రైవు కొనే ముందు ఆ నివేదికను ఇక్కడే పెడతాను, లినక్స్‌లోగిలి గారు ఒకసారి చూసి చెప్పాలి.